హెలికాప్టర్ నిధి వేట సాధన: మూడో విడత, అఫింగ్టన్

లెక్క పాతదే. బ్రిటన్‌లో చానెల్ 4 వాళ్లు 1982 నుంచి 1989 దాకా వేసిన 'ట్రెజర్ హంట్' పద్ధతి: ఐదు క్లూలు, 45 నిమిషాలు. స్టూడియోలో ఇద్దరు పోటీదారులు, ముందు మ్యాపులు, పుస్తకాలు; క్లూ విప్పి హెలికాప్టర్ ఎటు వెళ్లాలో వాళ్లే చెప్పాలి. ఎక్కువ సీజన్లలో హెలికాప్టర్ దిగి పరుగెత్తింది అన్నెకా రైస్. పోటీదారులకు ఆమె గొంతే వినిపించేది, బొమ్మ కనపడేది కాదు. ఇంట్లో ఆడినా ఈ నియమం సడలించొద్దు, ఆట రుచంతా అక్కడే.

ఈసారి ఆక్స్‌ఫర్డ్‌షైర్. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసే ల్యాండ్‌రేంజర్ మ్యాపుల్లో 174వ షీటు, కిలోమీటరుకు 2 సెం.మీ. హెలికాప్టర్ వేగం గంటకు 200 కి.మీ. అనుకుంటే నిమిషానికి 3.3 కి.మీ., అంటే షీటు మీద 6.6 సెం.మీ. ఒక అట్టముక్క అంచున ఈ కొలతతో గీతలు పెట్టి ఉంచుకోవాలి. గడియారం నడుస్తుంటే భాగహారాలు రావు.

క్లూ 1: "మూడు వేల ఏళ్లుగా గడ్డి మేయని గుర్రం. దాని కింద నెత్తురొలికిన చోట గడ్డే మొలవదు."

సుద్దకొండ మీద చెక్కిన తెల్ల గుర్రం బొమ్మ అని ఎవరికైనా తడుతుంది. తడబాటూ అక్కడే. వెస్ట్‌బరీ, చెర్హిల్, కిల్బర్న్ గుర్రాలు ఇప్పుడు మనకు కనిపించే రూపంలో 18, 19 శతాబ్దాలవి. వేల ఏళ్లది అఫింగ్టన్‌దే: మ్యాపు గడుల (గ్రిడ్) లెక్కలో ఎస్‌యూ 301 866. రెండో వాక్యం గుర్రాన్ని వదిలి 300 మీటర్లు ఉత్తరాన డ్రాగన్ హిల్‌కి పంపుతుంది. సెయింట్ జార్జ్ చంపిన డ్రాగన్ రక్తం పడిందని చెప్పే బోడి మచ్చ ఆ గుట్ట మీదే ఉంది. మొదటి వాక్యంతో ప్రాంతం, రెండోదానితో అడుగు పెట్టే చోటు. మన పొడుపుకథల్లో ఈ రెండో మెట్టు సాధారణంగా ఉండదు, అందుకే కొత్తవాళ్లు సగం జవాబుకే హెలికాప్టర్ లేపేస్తారు.

గ్రిడ్ అంకెల్లో అడ్డంగా కొలిచేది ముందు, నిలువుది తర్వాత. తారుమారు చేసి 866 301 అన్నారంటే గురి 80 కి.మీ. ఆగ్నేయానికి జరుగుతుంది. వెళ్లడానికే 24 నిమిషాలు. ఆట అయిపోయినట్టే.

క్లూ 2: "నాణెం పెట్టి పో, తెల్లారేసరికి నాడాలు సిద్ధం." వేలండ్స్ స్మిథీ, నవీన శిలాయుగం నాటి సమాధి, 281 854. స్మిథీ అంటే గుర్రాలకు నాడాలు కొట్టే కమ్మరి కొలిమి. గుర్రం నుంచి 2.3 కి.మీ., గాల్లో 42 సెకన్లు. లేవడానికీ దిగడానికీ పట్టే సమయమే ఎక్కువ. పైలట్‌కు '240 డిగ్రీలు' అని చెప్పడం కన్నా 'రిడ్జ్‌వే బాట పట్టుకుని నైరుతికి రండి, కుడిచేతి పక్క చెట్ల గుంపు' అంటే పని త్వరగా అవుతుంది (రిడ్జ్‌వే అంటే ఈ కొండల మీదుగా పోయే పాతకాలపు బాట). పై నుంచి చూసేవాళ్లకు బాట కనపడుతుంది, డిగ్రీలు కనపడవు.

క్లూ 3: "రొట్టెలు మాడ్చిన రాజు పుట్టిన ఊళ్లో, ఆయన గొడ్డలి కింద." కథలో రొట్టెలు మాడ్చింది తొమ్మిదో శతాబ్దపు రాజు ఆల్ఫ్రెడ్; వాంటేజ్ ఊళ్లో మార్కెట్ కూడలిలో ఆయన విగ్రహం. 12 కి.మీ., మూడున్నర నిమిషాల పైచిలుకు. కూడలిలో దిగడం కుదరదు కాబట్టి ఊరి అంచున ఖాళీ మైదానం చూడాలి. దీనికి ల్యాండ్‌రేంజర్ చాలదు, అందులో పొలాల గట్లు, కంచెలు ఉండవు. అదే సంస్థ పెద్ద కొలత మ్యాపు ఎక్స్‌ప్లోరర్ 170 తీయాలి, కిలోమీటరుకు 4 సెం.మీ. గట్లతో పాటు కరెంటు టవర్ల లైను ఎటు పోతోందో అందులోనే చూసి, దానికి దూరంగా ఉన్న పొలం చూసుకుని, పక్కనున్న రోడ్డు చెప్పాలి. అక్కడి నుంచి పరుగుకు ఐదారు నిమిషాలు ముందే పక్కన పెట్టుకోవాలి.

4, 5 క్లూలు వచ్చే విడతలో, అదే షీటు మీద.