భర్త కొట్టాడా అని అడిగే సర్వేలో పని చేసిన నా అనుభవం

తెలంగాణలో 36.9 శాతం మంది ఆడవాళ్ళు భర్త చేతిలో హింస చూశారని పేపర్లలో వచ్చింది కదా, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో రౌండ్‌ది, ఆ లెక్క కోసం 2019లో ఊళ్ళల్లో తిరిగిన ఇన్వెస్టిగేటర్లలో నేనూ ఒకదాన్ని. ఆ నంబర్ ఎలా వస్తుందో చాలామందికి తెలీదు, కొంతమందైతే ఆఫీసులో కూర్చుని రాసేస్తారు అంటుంటారు, అందుకే రాస్తున్నా.

సర్వే కేంద్ర ఆరోగ్య శాఖది, నడిపేది ముంబైలోని ఐఐపీఎస్, అంటే జనాభా లెక్కల మీద పరిశోధన చేసే సంస్థ. ముందు ట్రైనింగ్, అందులో ఎక్కువ కష్టమైంది గృహహింస సెక్షనే. ఒకరినొకరం కూర్చోబెట్టుకుని ఆ ప్రశ్నలు అడగడం ప్రాక్టీస్ చేయించారు, మొహంలో ఏ ఫీలింగూ కనపడకూడదు, అయ్యో అనకూడదు, మరి నువ్వేం చేశావ్ అని అడగకూడదు. చెప్పడం ఈజీనే.

ఊళ్ళో ముందే ఇళ్ళ లిస్టు రాసి మ్యాప్ గీస్తారు, అందులోంచి 22 ఇళ్ళు తీస్తారు. ఈ సెక్షన్ మాత్రం అన్ని ఇళ్ళల్లో ఉండదు, మొత్తం ఇళ్ళల్లో సుమారు 15 శాతంలోనే, అదీ ఇంటికి ఒక్క ఆడమనిషినే. ఎవర్ని అడగాలో మేం డిసైడ్ చెయ్యం, సిస్టమే తీస్తుంది. ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరూ సర్వే వయసులోనే ఉన్నా ఒక్కరినే అడుగుతాం, ఎందుకంటే ఇద్దర్నీ అడిగితే ప్రశ్నలేంటో ఇంట్లో తెలిసిపోయి, చెప్పిన మనిషికి తర్వాత దెబ్బలు పడొచ్చు.

అసలు పరీక్ష ప్రైవసీ. సెక్షన్ మొదలయ్యే ముందే పక్కన ఎవరైనా ఉన్నారా అని స్క్రీన్ మీద అడుగుతుంది, ఉంటే ముందుకి పోకూడదు. రెండు గదుల ఇంట్లో, పిల్లలు, అత్త, పక్కింటావిడ, అందరూ మా చుట్టూ మూగితే ఎలా చెప్పండి. ఒక ఇంట్లో అత్త కదల్లేదు, "నేనుంటె ఏమైతది బిడ్డా, నా కోడలు నా ముందట చెప్పనిదేమున్నది" అని మంచం మీదే కూర్చుంది. మా టీంలో బీపీ, షుగర్ చూసే అమ్మాయి ఉండేది, ఆమె వచ్చి "అమ్మా, నీ బీపీ చూస్త, ముంగట అరుగు మీదికి రా, ఈడ చప్పుడైతుంది" అని మెల్లగా తీసుకుపోయింది. ఆ కొంచెం టైంలోనే అడగాలి.

ప్రశ్న కూడా "మీ ఆయన కొడతాడా" అని ఉండదు. చెంప మీద కొట్టాడా, నెట్టాడా, చెయ్యి మెలితిప్పాడా లేక జుట్టు పట్టి లాగాడా, పిడికిలితో గుద్దాడా, తన్నాడా, గొంతు పిసికాడా లేక కాల్చాడా, ఇలా ఒక్కో ప్రశ్నా విడివిడిగా. ఆ కోడలు మొదటివాటికి లేదు లేదు అంటూ పోయింది, జుట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగి "అది కొట్టుడు కిందికి వస్తదా అక్కా?" అంది. నేను ఏం చెప్పకూడదు, అదే ప్రశ్న మళ్ళీ చదివా. "లాగిండు" అంది, తర్వాత గొంతు ప్రశ్నకి తలూపింది, నోటితో చెప్పలేదు. అరుగు మీంచి అత్త లేస్తున్న చప్పుడు వినపడగానే నేను పిల్లల టీకాల ప్రశ్నలోకి మారిపోయా, మళ్ళీ ఒంటరిగా దొరికాకే మిగతావి పూర్తిచేశా. వచ్చేముందు సాయం దొరికే చోటు, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబర్ చెప్పా, రాసిస్తానంటే వద్దంది, ఇంట్లో కాగితం దొరికితే కష్టమని.

అన్ని చోట్లా ఇలా కుదరదు, ప్రైవసీ దొరకలేదు అని కోడ్ పెట్టి మూసేసిన ఇళ్ళూ ఉన్నాయి. ఆ ఆడవాళ్ళు ఈ శాతంలో అవునులోనూ లేరు, కాదులోనూ లేరు. కాబట్టి 36.9 ని ఎక్కువ చేసి చూపించారు అనేవాళ్ళకి నా జవాబు ఒకటే, ఆ గదిలో నేనున్నా, ఆడవాళ్ళు దాచడమే చూశా గానీ కల్పించి చెప్పడం చూడలేదు.

మా ఫ్యాక్ట్‌షీట్, అంటే రాష్ట్రం ముఖ్యమైన లెక్కల కాగితం, 2020 డిసెంబర్‌లో రిలీజ్ అయింది. ఏపీది 30, తర్వాతి ఏడాది వచ్చిన దేశం మొత్తం లెక్క 29.3, మన పక్క కర్ణాటక 44.4. ఇవన్నీ 18 నుంచి 49 ఏళ్ళ మధ్య, పెళ్ళయిన ఆడవాళ్ళ లెక్కలు.

దీన్ని ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) లెక్కతో కలిపి గందరగోళం చేస్తారు జనం. అది పోలీసుల ఎఫ్‌ఐఆర్‌ల లెక్క, 2022లో దేశం మొత్తమ్మీద భర్త, అత్తింటివాళ్ళ క్రూరత్వం కేసులు సుమారు లక్షా నలభై వేలు. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో చాలా నేరాలుంటే పెద్ద శిక్ష ఉన్నదాన్నే లెక్కేస్తారు, అంటే వరకట్న చావు కేసులో 498ఏ (అప్పటి ఐపీసీలో ఈ క్రూరత్వం సెక్షన్) కూడా ఉన్నా అది చావు కిందకే పోతుంది. 2005 గృహహింస చట్టం కింద అయితే ఆ రిపోర్టులో వందల్లోనే కనపడతాయి, ఎందుకంటే ఆ చట్టంలో ప్రొటెక్షన్ ఆఫీసర్ (బాధితులకి సాయం చెయ్యడానికి ప్రభుత్వం పెట్టిన అధికారి) ద్వారానో నేరుగానో మేజిస్ట్రేట్‌కి అర్జీ పెడతారు, ఎఫ్‌ఐఆర్ అవసరం లేదు. స్టేషన్ దాకా పోయినవాళ్ళ లెక్క అది, ఇంట్లో ఏం జరుగుతుందో దాని లెక్క మాది. మా సర్వేలోనే దేశం మొత్తమ్మీద శారీరక, లైంగిక హింస చూసినవాళ్ళలో ఎవరి సాయమైనా అడిగింది 14 శాతమే, ఆ సాయం కూడా ఎక్కువమంది అడిగింది పుట్టింటివాళ్ళనే, పోలీసుల్ని కాదు.

మా జిల్లాలో ఎంత అని నన్ను చాలామంది అడిగారు. జిల్లా ఫ్యాక్ట్‌షీట్‌లో ఈ లెక్క ఉండదు, తీసుకున్న ఇళ్ళు తక్కువ కాబట్టి రాష్ట్రం వరకే చెప్పగలరు. జిల్లాది కావాలంటే మహిళా శిశు సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసులో ఆర్‌టీఐ పెట్టి, ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గరికి ఏడాదికి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో అడగొచ్చు, అదీ ఫిర్యాదుల లెక్కే అనుకోండి.

ఇంకొక్కటి, మీ ఇంటికి సర్వే అమ్మాయిలు వచ్చి మీ ఆవిడతోనో కోడలితోనో ఒక్కర్తితోనే కాసేపు మాట్లాడాలంటే ఎందుకు ఏమిటి అనకుండా దయచేసి బయటికి వెళ్ళండి, పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.