నా కలల దేశం ఇటుక బట్టీ దగ్గర మొదలవుతుంది

సెలవు రోజు మధ్యాహ్నం లేబర్ క్యాంపులో ఏ గదికి పోయినా ఒక ముచ్చట వినిపిస్తుంది. మన దేశం ఎట్లుంటే మనం ఇక్కడికి రావాల్సిన పని లేకపోయేది? బట్టలు ఉతికి ఆరేసి, ఇంటికి వీడియో కాల్స్ అయిపోయి, మంచాల మీద నడుం వాల్చాక ఎవరో ఒకరు కదుపుతారు. ఇక సాయంత్రం దాకా ఆ మాటే నడుస్తుంది.

నేను దుబాయ్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టైమ్‌కీపర్‌ని. తెల్లవారకముందే సైట్ గేటు దగ్గర నిలబడి, బస్సు దిగిన ప్రతి మనిషి వేలిముద్ర మిషన్‌లో పడిందా లేదా చూడాలి. ఎవరు ఏ బ్లాకులో ఎన్ని గంటలు చేశారో, ఎంత ఓవర్‌టైం అయిందో షీట్‌లో ఎక్కించాలి. నెలాఖరుకు ఆ లెక్క జీతాల సెక్షన్‌కు పోతుంది. ఒక్క గంట తప్పు పడినా సాయంత్రం ఆ మనిషి నా టేబుల్ ముందుకు వస్తాడు. రావాలి కూడా, ఆ గంట అతనిది.

ఆ పనిలో ఉన్నందుకేమో, మా గది ముచ్చట్లలో ఎవరు ఏం కోరుకుంటున్నారో జాగ్రత్తగా వింటాను. ఎత్తైన భవనాలు ఎవరూ అడగరు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా మేం సైట్‌కు పోయే దారిలోనే కనపడుతుంది, హైదరాబాద్‌లో అట్లాంటిది ఒకటి కావాలని మా గదిలో ఒక్కరూ అనలేదు. మెట్‌పల్లి వైపు నుంచి వచ్చిన స్టీల్ ఫిక్సర్ అన్న ఎప్పుడూ ఒకటే అంటాడు: "పని చేసినోనికి ఫలానా తారీఖున పైసలు పడతయంటే పడాలె తమ్మీ. ఎవని కాళ్లు మొక్కకుండ పడాలె." డిగ్రీ చదివి హెల్పర్‌గా వచ్చిన కుర్రాడికి కావాల్సింది చెప్పిన తేదీకి జరిగే పరీక్ష. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాడు. పేపర్ లీకై 2023 మార్చిలో అది రద్దయింది. మళ్లీ పెట్టేదాకా ఆగే స్తోమత ఇంట్లో లేదు, విమానం ఎక్కాడు. గోరఖ్‌పూర్ ఎలక్ట్రీషియన్ భాయ్ కోరిక, మన మండలం లాంటి తన బ్లాకు ఆస్పత్రిలో రాత్రిపూట కూడా డాక్టర్ ఉండాలని.

తారీఖు అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే దాని విలువ ఇక్కడ రోజూ చూస్తున్నాను. 2009 నుంచి యూఏఈలో జీతాలు బ్యాంకు ద్వారానో ఎక్స్ఛేంజ్ ద్వారానో ఒక వ్యవస్థలో పడి వస్తాయి. ఎవరికి ఎంత పడిందో, పడలేదో కార్మిక శాఖకు కనపడుతుంది. ఆలస్యం చేస్తే కంపెనీకి కొత్త వర్క్ పర్మిట్లు ఆగిపోతాయి. ఇది ఉన్నా ఎగ్గొట్టేవాళ్లు లేకపోలేదు, చిన్న సబ్‌కాంట్రాక్టర్ల దగ్గర నెలల తరబడి జీతం అందని మనుషులను చూశాను. కానీ అడగడానికి ఒక తేదీ ఉంది, చూపించడానికి ఒక రికార్డు ఉంది. మన దగ్గర చట్టం లేక కాదు. వెయ్యి మందికి లోపు పనిచేసే చోట తర్వాతి నెల 7వ తారీఖులోగా జీతం ఇవ్వాలని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమే చెప్పింది. 2005 ఉపాధి హామీ చట్టం 15 రోజుల్లో కూలి చేతికి రావాలంది. ఆ కూలి కోసం పోస్టాఫీసు చుట్టూ తిరిగిన తల్లులు మా గదిలో దాదాపు అందరికీ ఉన్నారు.

ఎండాకాలం సంగతి కూడా చెప్పాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఇక్కడ మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండ నేరుగా తగిలే చోట పని చేయించకూడదు. తప్పితే మనిషికి 5,000 దిర్హమ్‌ల చొప్పున జరిమానా. ఆ టైమ్ దగ్గర పడేసరికి మా సైట్‌లో గాలి మారిపోతుంది. ఫోర్‌మన్ ఐదు నిమిషాల ముందే విజిల్ ఊదుతాడు. రాడ్లు కట్టేవాళ్లు చేతిలో ఉన్న ముడి పూర్తి చేసి, బైండింగ్ వైరు అక్కడే వదిలి కిందికి దిగుతారు. గ్లౌజులు తీస్తే లోపల చేతులు నానిపోయి తెల్లగా ఉంటాయి. షెడ్డులో కూలర్ ముందు ముందుగా చోటు దొరికేది ఎక్కువ ఎత్తులో పనిచేసి వచ్చినవాళ్లకు. అది ఎక్కడా రాసిపెట్టిన రూల్ కాదు, మా వాళ్లే పెట్టుకున్నారు. నేను షీట్‌లో బ్రేక్ మొదలైన నిమిషం రాస్తాను. ఆ నిమిషం రాసేటప్పుడల్లా నాకు మే నెలలో రామగుండం రోడ్డు మీద కాగే తారు పక్కన నిలబడి కంకర పరిచే ఆడవాళ్లు గుర్తొస్తారు. వాళ్ల కోసం విజిల్ ఊదే మనిషి ఎవరు? కేరళలో ఎండలు ముదిరినప్పుడు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బయట పని ఆపమని కార్మిక శాఖ ఉత్తర్వులిస్తుంది. అంటే మన దేశంలోనే ఒక మూల ఇది జరుగుతోంది. నా కలల దేశంలో ఇది ప్రతి రాష్ట్రంలో ఉంటుంది, ఆ గంటలకు కూలి కోత ఉండదు.

ఇట్లా చెబుతుంటే గల్ఫే ఆదర్శం అంటున్నానని అనుకోవద్దు. ఇక్కడ యూనియన్ పెట్టుకోవడానికి లేదు. పని ఆపి కూర్చుంటే ఇంటికి టికెట్ చేతిలో పెడతారేమోనన్న భయం ఎప్పుడూ ఉంటుంది. ఎంతకాలం చేసినా ఈ నేల మీద మనం వీసా ఉన్నంతవరకే. మన దేశంలో పది రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు, కలెక్టర్ ముందు నిలబడి గొంతెత్తవచ్చు, ఓటేసి దించవచ్చు. ఈ గొంతు ఎంత పెద్ద ఆస్తో ఇక్కడ నోరు కట్టుకుని బతికినవాళ్లకు బాగా తెలుసు. నేను ఊహించే దేశంలో ఇక్కడి తారీఖు, అక్కడి గొంతు రెండూ ఒకే మనిషికి దొరుకుతాయి. జీవించడానికి సరిపడే వేతనం, మర్యాదగా బతికే పని పరిస్థితులు కల్పించడానికి ప్రభుత్వం కృషి చేయాలని మన రాజ్యాంగం 43వ అధికరణలో రాసే ఉంది. అంబేడ్కర్ రాజ్యాంగం రాయడానికి ముందు, 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖే చూశారు. కూలి చేసే మనిషి సంగతి తెలిసిన వ్యక్తి చేతి మీదుగా వచ్చిన మాట అది. నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు, రాసి ఉన్నదాన్ని అడుగుతున్నాను.

ఇంకోటి, ఎవరూ బయటికి వెళ్లని దేశం నాకు అక్కర్లేదు. మనుషులు ఎప్పుడూ కదులుతూనే ఉన్నారు. ముంబై కామాఠిపురకు ఆ పేరు వచ్చిందే అక్కడికి కట్టుబడి పనికి పోయిన మన కామాఠీల వల్ల. పాలమూరు కూలీలు కట్టని డ్యామ్ దేశంలో తక్కువ. వెళ్లడం, ఉండటం మనిషి ఇష్టం మీద జరగాలి, అప్పు నెట్టితే కాదు. రిజిస్టరైన ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదని మన ప్రభుత్వ నిబంధన. ఊళ్లలో వీసా రేటు లక్షల్లో పలుకుతుంది. రసీదు ఉండదు. విజిట్ వీసా మీద ఎక్కిస్తే, పనికి విదేశం పోయేవాళ్లకు ఉండే ఎమిగ్రేషన్ అధికారుల తనిఖీ తప్పించుకోవచ్చు కాబట్టి అదే దారి పట్టిస్తారు. పదో తరగతి పాస్ కాని మనిషి కోసమే ఆ తనిఖీ పెట్టారు, అతనే ఎక్కువగా దాని బయట నుంచి పోతున్నాడు. రెండేళ్లకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో పోయినా, శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షలు వచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. విజిట్ వీసా మీద వచ్చినవాళ్లలో దాని పేరు విన్నవాళ్లే అరుదు. నా దేశంలో మండల కేంద్రంలోనే ఒక టేబుల్ ఉంటుంది. అక్కడ కాంట్రాక్టు తెలుగులో చదివి వినిపిస్తారు, జీతం అంకె మీద వేలు పెట్టి చూపిస్తారు, ఆ తర్వాతే సంతకం.

ఇదంతా మేం చాలాకాలంగా చెప్పుకుంటున్నదే. ఈ ముచ్చటను నాకు వేరే వైపు తిప్పింది ఒడిశా కుర్రాడు. బలంగీర్ జిల్లా. షట్టరింగ్‌లో పనిచేస్తాడు. మాతో తెలుగులోనే మాట్లాడతాడు, మొదట్లో ఎక్కడ నేర్చుకున్నాడో అడగలేదు. ఒకరోజు మేం మన దేశం గురించి చెప్పుకుంటుంటే నెమ్మదిగా అన్నాడు: "అన్నా, నేను చిన్నప్పుడు మీ పెద్దపల్లి దగ్గర బట్టీలోనే పెరిగిన."

అతను చెప్పిందంతా ఆ రోజు గదిలో ఎవరూ మధ్యలో మాట్లాడకుండా విన్నారు. వాళ్ల ఊళ్లో నువాఖాయ్, అంటే కొత్త పంట పండుగ అయ్యాక సర్దార్, అంటే కూలీలను కుదిర్చే మేస్త్రీ, వచ్చి అడ్వాన్స్ ఇస్తాడు. ఆ డబ్బు అప్పుకో, పెళ్లికో, వైద్యానికో అప్పటికే అయిపోయి ఉంటుంది. చలికాలంలో కుటుంబం మొత్తం రైలెక్కుతుంది. కూలి మనిషికి కాదు, వెయ్యి ఇటుకలకు ఇంత అని. కాబట్టి ఇంట్లో ఎన్ని చేతులుంటే అన్నీ మట్టిలోకి దిగాల్సిందే. నాన్న మట్టి తొక్కుతాడు, అమ్మ అచ్చు కొడుతుంది, పిల్లలు ఆరిన వైపు నుంచి ఇటుకలను తిప్పి పెడతారు. ఎండకు తాళలేక అర్ధరాత్రి లేచి పని మొదలుపెట్టేవాళ్లు. ఉండే పాక వాళ్లే పచ్చి ఇటుకలు పేర్చి కట్టుకున్నారు, లోపలికి వంగి దూరాలి. వారానికోసారి తిండికి కొంత ఇచ్చేవాళ్లు, అసలు లెక్క మాత్రం సీజన్ అయిపోయాకే. ఆ లెక్క ఎవరు రాసేవాళ్లని అడిగాను. "సేటు దగ్గర బుక్ ఉంటది. మాకు చూపియ్యరు. అమ్మ గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టేది" అన్నాడు.

టైమ్‌కీపర్‌గా నాకు ఆ బొగ్గు గీతల మాట లోపల దిగిపోయింది. మేం ఇక్కడ తిట్టుకునేవన్నీ, అంటే తీర్చలేని అప్పు, చేతికి అందని కాగితం, మాట రాని చోట బతుకు, అన్నీ మా జిల్లాల్లోనే ఇంకొకరికి జరుగుతున్నాయి. వాళ్లకు కనీసం ఫ్లైట్ టికెట్ మీద పేరు కూడా లేదు. దీనికీ చట్టం ఉండింది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల కోసం 1979లో చేసిన చట్టం ప్రతి మనిషికి ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వాలంది, అందులో కూలి రేటు, ఇచ్చిన అడ్వాన్స్ రాయాలంది, రానుపోను ఖర్చు ఇవ్వాలంది. ఆ పాస్‌బుక్ ఒక్కసారి కూడా చూడలేదన్నాడు కుర్రాడు.

స్టీల్ ఫిక్సర్ అన్న ఊరుకోలేదు. "మనకే దిక్కు లేదు తమ్మీ, వాళ్ల సంగతి మనకెందుకు?" అన్నాడు. కోపంతో కాదు, ఆయన నిజంగానే అడిగాడు. కూతురి పెళ్లి అప్పు ఇంకా మిగిలున్న మనిషి ఆయన.

నేను ఆయనకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. కరీంనగర్‌లో కొత్తగా లేచే అపార్ట్‌మెంట్ల దగ్గరికి పోయి చూస్తే రాడ్ పని, సెంట్రింగ్ పని చేసేవాళ్లలో ఎక్కువమంది బిహార్, ఒడిశా, బెంగాల్ వాళ్లు. అదే రాడ్ పని కరీంనగర్ మనిషి దుబాయ్‌కి వచ్చి చేస్తున్నాడు. దిర్హమ్‌కు రూపాయల్లో వచ్చే తేడా పెద్దదే, కాదనను. కానీ అదొక్కటే కారణం కాదు. ఊళ్లో ఆ పనికి తారీఖు లేదు, గంటల లెక్క లేదు, పైనుంచి పడి దెబ్బ తగిలితే చూసే దిక్కు లేదు. ఎందుకు లేదంటే, అవి ఏవీ అడగలేని మనిషిని దూరం నుంచి తెచ్చుకోవచ్చు కాబట్టి. అడగలేని మనిషికి ఇచ్చే కూలే చివరికి ఆ పని రేటు అవుతుంది. ఆ రేటు చూసే మన మనిషి పాస్‌పోర్ట్ చేయించుకుంటాడు. ఒడిశా తల్లికి పాస్‌బుక్ వచ్చిన రోజు మెట్‌పల్లి మనిషికి కూడా ఊళ్లో పని చేయాలనిపించే అవకాశం మొదలవుతుంది. ఇది జాలి మాట కాదు, కూలి లెక్క.

ఎవరూ ఏమీ చేయట్లేదని కూడా అనను. కొన్ని బట్టీల దగ్గర పిల్లలకు ఒడియాలో చదువు చెప్పే బడులు నడిపారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు 2022 నాటికి అన్ని రాష్ట్రాల్లోకీ వచ్చింది, బలంగీర్ కార్డు మీద పెద్దపల్లిలో బియ్యం తీసుకోవచ్చు. ఆ సంగతి బట్టీ దాకా చేరాలి, డీలర్ కాదనకుండా ఇవ్వాలి. కలల దేశానికి కావాల్సిన సామాను చాలావరకు వచ్చి పడి ఉంది.

వచ్చే సెలవుకు ఊరికి పోతే గ్రామసభలో అడగాల్సినవి రాసుకున్నాను. మా ఊరి పొలిమేరలో ఉన్న బట్టీలకు వచ్చిన కుటుంబాల పేర్లు పంచాయతీ దగ్గర రాసి ఉండాలి. వాళ్ల చిన్నపిల్లలను అంగన్‌వాడీలో చేర్చుకోవాలి. వారం వారం ఎన్ని ఇటుకలయ్యాయో వాళ్ల చేతిలోనే ఒక పుస్తకంలో రాసి ఇవ్వాలి. ఆ పుస్తకం ఎట్లా ఉండాలో నేనూ ఒడిశా కుర్రాడూ కలిసి గీతలు గీసి చూశాం. తేదీ, ఇటుకలు, ఇచ్చిన ఖర్చు, మిగిలిన అడ్వాన్స్. అక్షరాలు ఒడియాలో అతనే రాశాడు.

స్టీల్ ఫిక్సర్ అన్న ఆ కాగితం తీసుకుని చాలాసేపు చూశాడు. "సర్పంచ్ వింటడా?" అన్నాడు.

"వినకపోతే సోమవారం కలెక్టరాఫీసుల ప్రజావాణి ఉంటది గదన్నా, అర్జీ పెడత."

"నా పేరు గూడ రాయి. సంతకం ఇక్కడ్నే పెడత" అన్నాడు.