ఉస్మానియా మెడికల్ కాలేజీ పేపరు ఏ యూనివర్సిటీ ఖాతాలోకి?

ఉస్మానియా మెడికల్ కాలేజీ డాక్టర్లు రాసిన పరిశోధన పేపరును ఉస్మానియా యూనివర్సిటీ లెక్కలో వేసుకోవచ్చా? పేరు చూస్తే వేసుకోవాలనే అనిపిస్తుంది. కానీ వేసుకోకూడదు. ఆ కాలేజీ ఇప్పుడు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు హెల్త్ యూనివర్సిటీకి అనుబంధం. అంతకు ముందు విజయవాడలోని ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కింద ఉండేది. 1986లో ఆ యూనివర్సిటీ ఏర్పడక ముందు మాత్రం ఉస్మానియాదే. అంటే ఒకే కాలేజీ పేపర్లు అచ్చయిన ఏడాదిని బట్టి మూడు ఖాతాల్లో పడతాయి.

ఒక యూనివర్సిటీ వైద్యం, సైన్సు, టెక్నాలజీల్లో ఎంత పరిశోధన చేసిందో చెప్పే అంకె ఇలాంటి చోట్లే తప్పుతుంది. పరిశోధన పేపర్ల డేటాబేసు స్కోపస్ తెరిచి, పేరు కొట్టి, వచ్చిన సంఖ్య రాసుకుంటే అది లెక్క కాదు. పేపరు మొదటి పేజీలో రచయితల పేర్ల కింద ఉండే అడ్రసు వరుసలోనే అసలు లెక్క ఉంటుంది.

హైదరాబాద్ విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఊరి పేరుతో వెతికితే పాకిస్తాన్ సింధ్‌లోని హైదరాబాద్ పేపర్లూ వచ్చిపడతాయి, అందులోనూ వైద్యం పేపర్లు. దేశం ఇండియా అని తప్పనిసరిగా బిగించాలి. అలాగని రాష్ట్రం పేరుతో బిగించకూడదు. 2014 జూన్‌కు ముందు పేపర్లలో ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది, ఆ తర్వాత కూడా కొన్నేళ్లు పాత అలవాటుతో అలాగే రాసినవారున్నారు. పిన్‌కోడ్‌నూ నమ్ముకోలేం. ఉస్మానియా, రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, కణజీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ, పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ నాలుగూ 500007లోనే ఉన్నాయి. నిమ్స్ అంటే మనకు పంజాగుట్ట ఆసుపత్రి. ఢిల్లీలో వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ వారి వైద్య గణాంకాల సంస్థ పాత పొట్టి పేరూ అదే, జైపూర్‌లో ఆ పేరుతో ఏకంగా ఒక యూనివర్సిటీయే ఉంది. జేఎన్టీయూ 2008లో విడిపోయింది కాబట్టి, అంతకు ముందు పేపర్లలో ఒట్టి జేఎన్టీయూ అని ఉంటే అది హైదరాబాదో, కాకినాడో, అనంతపురమో విభాగం చూసి తేల్చాలి. ఐఐటీ హైదరాబాద్ 2015లో కందికి మారకముందు అడ్రసు ఎద్దుమైలారం. ఐఐసీటీ 1989 దాకా రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీ. ఆ పేరుతో జోర్హాట్‌లో, భువనేశ్వర్‌లో కూడా ల్యాబులుండేవి.

కాబట్టి వెతకడానికి కూర్చునే ముందే రెండు కాగితాలు తయారు చేసుకోవాలి. ఒకదాని మీద సంస్థకు వాడుకలో ఉన్న పేర్లన్నీ రాయాలి. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీకైతే యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, హెచ్‌సీయూ, యూఓహెచ్, ఇంకా స్కోపస్ లాంటి మరో డేటాబేసు వెబ్ ఆఫ్ సైన్స్ వాడే కుదింపు రూపం. రెండో కాగితం మీద ఎవరిని కలుపుకుంటున్నాం, ఎవరిని వదిలేస్తున్నాం అన్న నియమం రాయాలి. నిజాం కాలేజీ ఉస్మానియాకు సొంత కాలేజీ, అడ్రసులో ఉస్మానియా పేరు లేకపోయినా కలపాలి. అనుబంధ ప్రైవేటు కాలేజీల పేపర్లు కలపకూడదన్నది నా అభిప్రాయం. అక్కడి జీతమూ ల్యాబూ యూనివర్సిటీవి కావు. కలిపినా ఫర్వాలేదు గానీ, కలిపామని రాయకపోవడం మాత్రం మోసమే.

ఇక రచయితల పేర్లు. ఇంటిపేరు ముందు పెట్టి, దాన్ని ఒక అక్షరానికి కుదించే మన పద్ధతి ఏ డేటాబేసుకూ అర్థం కాదు. కె. శ్రీనివాసరావు అని రాస్తే ఒక జర్నల్ రావు, కె.ఎస్. అంటుంది, ఇంకోటి శ్రీనివాసరావు, కె. అంటుంది, మరోటి కె అన్న అక్షరాన్నే ఇంటిపేరు చేస్తుంది. ఒకే మనిషికి మూడు ప్రొఫైళ్లు, లేదా ఇద్దరు రెడ్డిలకు కలిపి ఒకటి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన మహిళా శాస్త్రవేత్తల పాత పేపర్లు వేరే ప్రొఫైల్లో పడి ఉండిపోవచ్చు, ప్రమోషన్ ఫైలులో అవి కనిపించకపోతే నష్టం ఆమెకే. దీనికి మందు ఆర్కిడ్ నంబరు, అంటే ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య. 16 స్థానాలు, చివరిది అంకె బదులు ఎక్స్ కావచ్చు. నంబరు తీసుకుని వదిలేయకుండా, పేపరు పంపేటప్పుడు ప్రతిసారీ ఇవ్వాలి.

జాబితా దించుకున్నాక ఆ సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టిక) నేరుగా ఎక్సెల్‌లో తెరవకండి. పేజీ నంబర్లు 10-12 అని ఉంటే, కంప్యూటర్ సెట్టింగును బట్టి అక్టోబరు 12 గానో డిసెంబరు 10 గానో చేసేస్తుంది. 15 అంకెలు దాటిన సంఖ్య ఏదైనా చివరి అంకెలు సున్నాలైపోతాయి, గీతలు తీసేసిన ఆర్కిడ్ నంబర్ల గతి అంతే. డేటా ట్యాబ్‌లోంచి దిగుమతి చేసి, ఆ కాలమ్‌లను టెక్స్ట్‌గా పెట్టాలి. తర్వాత స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్, వైద్య పేపర్ల డేటాబేసు పబ్‌మెడ్ జాబితాలను ఒకచోట చేర్చి, ఒక్కో పేపరుకు ఇచ్చే శాశ్వత గుర్తింపు డీఓఐతో నకళ్లు తీసేయాలి. డీఓఐలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు ఒకటే కాబట్టి ముందు అన్నిటినీ చిన్నక్షరాల్లోకి మార్చాలి, ముందున్న వెబ్ చిరునామా భాగం కత్తిరించాలి. ఈ పని చేయకపోతే ఒకే పేపరు రెండుగా మిగులుతుంది. డీఓఐ లేనివాటికి శీర్షిక, ఏడాది, మొదటి రచయిత మూడూ కలిపి పోల్చాలి. డిసెంబరులో ఆన్‌లైన్లో వచ్చి మార్చి సంచికలో చేరిన పేపరు రెండేళ్ల నివేదికల్లోనూ కనిపిస్తుంది. ఏ తేదీ లెక్కో ముందే తేల్చుకుని, ప్రతి ఏటా అదే పాటించాలి. ఉపసంహరించిన పేపర్లను జాబితాలోంచి తీయాలి. ఉపసంహరించిన పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేసు 2023 నుంచి డీఓఐలు నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్ దగ్గర అందరికీ అందుబాటులో ఉంది, డీఓఐతో పోల్చితే చాలు.

అంకె వచ్చాక దాన్ని ఎలా చదవాలన్నది ఇంకా పెద్ద పని. 2015లో హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి కొలిచిన పేపరుకు 5,154 మంది రచయితలు. అలాంటి పేపర్లలో మనవాడొక్కడుంటే పేపరు మొత్తం మన ఖాతాలో వేసుకోవాలా? పదిమంది రచయితల్లో ఇద్దరు మనవాళ్లైతే 0.2 వేసే భాగాల లెక్క కూడా పక్కనే చూపించాలి. పూర్తి లెక్కకూ భాగాల లెక్కకూ తేడా బాగా ఉందంటే పని ఎక్కువగా బయటివారి నాయకత్వంలో నడుస్తోందేమో చూడాలి.

వైద్యం, గణితం, కంప్యూటర్ సైన్స్‌లను ఒకే తూకంలో వేయడం అన్యాయం. గణితంలో ఉదహరింపులు, అంటే వేరే పేపర్లు ఆ పేపరును పేర్కొనడం, నిదానంగా వస్తాయి. ఆరు ఉదహరింపులున్న గణితం పేపరు తన రంగంలో బాగా పైన ఉండవచ్చు, కణజీవశాస్త్రంలో ఆ ఆరు ఒక లెక్క కాదు. కంప్యూటర్ సైన్స్‌లో మేలైన పని చాలావరకు కాన్ఫరెన్సుల్లో వస్తుంది. వెబ్ ఆఫ్ సైన్స్‌లో కాన్ఫరెన్సుల సూచికకు చందా వేరు, అది కట్టని లైబ్రరీ అక్కడే లెక్క వేస్తే ట్రిపుల్‌ఐటీ లాంటి సంస్థ పని సగం కనబడదు. వైద్యంలో ఒక రోగి గురించి రాసిన కేస్ రిపోర్టూ, వందల మందిపై నాలుగేళ్లు నడిపిన ట్రయలూ (చికిత్సా పరీక్ష) జాబితాలో ఒక్కో వరుసే. ఆ రెండిటినీ విడదీసి చూపించాలి. ట్రయల్ అయితే, దేశంలోని ట్రయళ్ల రిజిస్ట్రీ సీటీఆర్ఐ ఇచ్చిన నంబరు పక్కన రాయాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి మొదటి రోగిని చేర్చుకోకముందే అక్కడ నమోదు తప్పనిసరి. కాబట్టి నమోదు తేదీ, రోగుల చేరిక తేదీ పక్కపక్కన పెడితే పని పద్ధతిగా జరిగిందో లేదో తెలిసిపోతుంది.

పేటెంట్ల దగ్గర ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పేటెంట్ ప్రచురితమైంది అంటే పేటెంట్ వచ్చిందని కాదు. దరఖాస్తు చేసిన 18 నెలలకు మామూలుగా ఏ దరఖాస్తైనా దానంతటదే ప్రచురితమవుతుంది. ఆ తర్వాత పరీక్ష, అభ్యంతరాలు, జవాబులు అన్నీ దాటితేనే మంజూరు. దాఖలు, ప్రచురణ, మంజూరు మూడు కాలమ్‌లుగా రాయాలి. దరఖాస్తుదారు స్థానంలో యూనివర్సిటీ పేరుందా, ప్రొఫెసరు సొంత పేరుందా అన్నది భారత పేటెంట్ ఆఫీసు వెతుకులాట సైటు ఇన్‌పాస్‌లో చూసుకోవాలి. సొంత పేరైతే ఆ హక్కు యూనివర్సిటీది కాదు.

ఈ తంటాల్లో ఎక్కువ భాగం పేపరు పంపే రోజే తప్పించవచ్చు. విభాగాధిపతి ఒక వరుస టైపు చేసి ప్రతి స్కాలరుకూ ఇస్తే సరిపోతుంది: స్కూల్ ఆఫ్ లైఫ్ సైన్సెస్, యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్, ప్రొఫెసర్ సి.ఆర్. రావు రోడ్, గచ్చిబౌలి, హైదరాబాద్ 500046, తెలంగాణ, ఇండియా. విభాగం తర్వాత కామా, ఆ వెంటనే యూనివర్సిటీ పూర్తి పేరు, పొట్టి పేరు వద్దు. వేరే సంస్థలో పని చేస్తూ ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్నవారు రెండు అడ్రసులూ ఇవ్వాలి. అచ్చుకు ముందు సరిచూసుకోమని జర్నల్ పంపే ప్రూఫు వచ్చినప్పుడు బొమ్మల కంటే ముందు ఈ వరుస చూడండి. ఆ దశలో దిద్దడానికి రెండు నిమిషాలు, అచ్చయ్యాక జర్నల్ కరెక్షన్ నోటు వేయాలి.