గుడుంబా పాట కట్టిన కథ

దసరాకు ఊళ్లో పాడటానికి నవ్వుల పాట ఒకటి కావాలని మా పోరగాళ్లు పట్టుబట్టారు. మాది దేవరకొండ దిక్కు. గుడుంబా మీద, అంటే చాటుగా కాచే నాటుసారా మీద కట్టమన్నారు.

ముందు సరుకు కోసం ఒక తాత దగ్గర కూర్చున్నాను. నల్లబెల్లం, పటిక, నవసాగరం, తుమ్మచెక్క, కుండల్లో పులిసే ఊట, బట్టీ మీద కాచడం... ఆయన చెబుతుంటేనే నా కడుపులో మంట మొదలైంది. ఇందులో నవ్వేముంది? నవ్వంతా ఆబ్కారోళ్లు, అదే ఎక్సైజోళ్లు, వచ్చిపోయాక జరిగిందాంట్లో ఉంది. వాళ్లు మోరీలో పారబోసిన ఊట తాగి ఆయన బర్రె రెండు రోజులు తూలిందట. "పాలు పిండుడు బంద్ వెట్టిన్రా, పోరలు తాగితే ఎట్ల?" అన్నాడు తాత, చాలా సీరియస్‌గా. అప్పుడే తేల్చుకున్నాను, కాచే పద్ధతి పాటలో ఉండకూడదు, తూలేవాళ్లే ఉండాలి.

పల్లవి డప్పు దరువు మీద తొందరగానే కుదిరింది.

"గుటకేస్తిరో మామ గుటకేస్తిరో
ఊరంత నాకే ఎదురొస్తదిరో
కరెంటు పోలును ఎస్సై అనుకొని
అంగీ గుండీలు వెట్టుకుంటిరో"

రెండో చరణం బర్రెకిచ్చాను. మూడోదే నడవలేదు. మా చిన్నమ్మకు వినిపిస్తే మొదట బాగానే నవ్వింది. సారా వద్దని ఆడవాళ్లు రోడ్డెక్కిన రోజుల్లో కుండలు పగలగొట్టిన మనిషి ఆమె. 1993 అక్టోబరు 1న నిషేధం వచ్చి సర్కారు సారా దుకాణాలు మూతపడ్డాయి కానీ, చాటుగా కాచే బట్టీలు ఆగలేదు. ఆ తర్వాతి ఏళ్ల సంగతి ఆమెకు ఇంకా బాగా తెలుసు. "అన్నీ వాడే పాడుతుండు, ఇంట్ల ఉన్నదానికి నోరు లేదారా?" అంది. ఆ చరణం ఆమే చెప్పింది, నేను రాసుకున్నాను.

"పుస్తెలు కుదువ వెట్టినోని నోట్ల
పూటకో పాట ఎట్లొస్తదిరో"

రికార్డింగ్ నల్గొండలో, ఒక ఇంటి మేడ మీది చిన్న గదిలో. ముందు కీబోర్డు ట్రాక్, దాని మీద డప్పు, ఆఖరున గొంతులు. అసలు టెన్షన్ ఎక్కిళ్ల దగ్గర వచ్చింది. తాగినవాడిలా పాడమంటే మా బావ మాటలన్నీ నమిలేశాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు. మాట స్పష్టంగా పలికి, లైను చివర ఎక్కిలి మాత్రం దరువు మీద పడేలా పెట్టమన్నాడు స్టూడియో పిల్లగాడు. దాంతో పాట లేచింది. నిజానికి తాగినోడు తాను తాగలేదని చూపడానికి మామూలు కన్నా శుద్ధంగా మాట్లాడతాడు. ఇది మా అందరికీ తెలిసిందే, స్టూడియోలో ఎందుకో గుర్తు రాలేదు. చిన్నమ్మ చరణం ఆమెతోనే పాడించాం. డప్పు ఆపేసి, చప్పట్ల మీద. ఒక్క టేకు చాలింది.

దసరా నాడు మగవాళ్లు కరెంటు పోలు లైను దగ్గర ఈలలేశారు. ఆడవాళ్లు మాత్రం చిన్నమ్మ చరణాన్నే మళ్లీ మళ్లీ పాడించారు. ఇప్పుడు కల్లు మీద ఒకటి కట్టమంటున్నారు. దానికి గౌడన్నల దగ్గర కూర్చోవాలి. చెట్టెక్కడానికి వాళ్లు వాడే మోకు, ముత్తాదు సంగతి తెలియకుండా తాటిచెట్టు పాట రాస్తే మొదటి లైనుకే దొరికిపోతాం.