రూట్ ఫైల్‌సిస్టమ్ మార్చాక బూట్ ఆగిపోతే: చిక్కడపల్లి డీటీపీ సెంటర్‌లో నా అనుభవం

మా బావ చిక్కడపల్లిలో డీటీపీ సెంటర్ నడుపుతున్నారు. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడూ కవితా సంపుటాలు. పనంతా ఒకే సిస్టమ్ మీద, డెబియన్ 12 అనే లినక్స్‌లో, ఇంక్‌స్కేప్, స్క్రైబస్ అనే డిజైన్ ప్రోగ్రాములతో జరుగుతుంది. ఒకసారి అప్‌డేట్ తర్వాత ప్రింటర్ మొరాయించి సగం రోజు పని పోయింది. అప్పటి నుంచి బావ అడుగుతున్నది ఒక్కటే: "బామ్మర్దీ, అప్‌డేట్ బెడిసికొడితే నిన్న ఎట్లుందో అట్ల వెనక్కి తెచ్చుకునే దారి చూడు."

ఆ దారి స్నాప్‌షాట్లు, అంటే సిస్టమ్ ఆ క్షణంలో ఎట్లా ఉందో దాచిపెట్టుకున్న నకళ్లు. అవి సులువుగా కావాలంటే రూట్ పార్టిషన్ (డిస్క్‌లో సిస్టమ్ ఉండే భాగం) ఈఎక్స్‌టీ4 అనే ఫైల్‌సిస్టమ్ నుంచి బటర్‌ఎఫ్‌ఎస్‌కి మారాలి. ఫైల్‌సిస్టమ్ అంటే డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతి. కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే రెండు గంటల్లో అయిపోయేది నిజమే. కానీ ఏళ్ల తరబడి కుదుర్చుకున్న తెలుగు ఫాంట్లు, కీబోర్డు లేఔట్లు, ప్రింటర్ల కలర్ ప్రొఫైళ్లు మళ్లీ మొదటి నుంచి అమర్చుకోవాలి. అందుకే ఉన్నచోటే మార్చే పద్ధతి ఎంచుకున్నాను. "ఇది కొత్త సరుకా, మన మీద ప్రయోగమా?" అని బావ అనుమానపడ్డారు. 2009లో లినక్స్ కెర్నల్ (సిస్టమ్ గుండెకాయ) 2.6.29తోనే బటర్‌ఎఫ్‌ఎస్ వచ్చిందని, 2020లో వచ్చిన ఫెడోరా 33 నుంచి ఆ లినక్స్ డెస్క్‌టాప్‌లో అదే డిఫాల్ట్ అని చెప్పాక ఒప్పుకున్నారు. సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి మొత్తం కాపీ తీసి, నాలుగైదు ఫైళ్లు తెరిచి చూసి, అప్పుడు మొదలుపెట్టాను. వానాకాలం సాయంత్రం, ఆ వీధిలో కరెంటును నమ్మలేం. యూపీఎస్ బ్యాటరీ కూడా చూసుకున్నాను. కన్వర్షన్ మధ్యలో సిస్టమ్ ఆరిపోవడం కన్నా పెద్ద ప్రమాదం ఇందులో ఇంకోటి లేదు.

మార్చడం తేలికే. నడుస్తున్న రూట్‌ని మార్చలేం కాబట్టి లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్) బూట్ చేశాను. ముందు ఈఎక్స్‌టీ4 మీద పూర్తి ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ తనిఖీ), ఆ తర్వాత మార్చే టూల్ బటర్‌ఎఫ్‌ఎస్-కన్వర్ట్. ఈ టూల్ మన ఫైళ్ల డేటాను దాదాపు ఉన్నచోటే ఉంచుతుంది. ఖాళీ జాగాలో తన మెటాడేటా (ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే వివరాలు) రాసుకుని, పాత బ్లాకులనే తనవిగా చూపిస్తుంది. పాత ఫైల్‌సిస్టమ్ మొత్తం ఈఎక్స్‌టీ2_సేవ్డ్ అనే సబ్‌వాల్యూమ్‌లో (బటర్‌ఎఫ్‌ఎస్ లోపలి విడి విభాగం) ఇమేజ్‌గా మిగిలి ఉంటుంది. దాన్ని చెరపనంత వరకు, బ్యాలెన్స్ (డేటాను మళ్లీ సర్దే కమాండ్) నడపనంత వరకు వెనక్కి వెళ్లొచ్చు. అయితే కన్వర్షన్ తర్వాత చేసిన పని మాత్రం దక్కదు.

అసలు పని బూట్ దగ్గర మొదలవుతుంది. కన్వర్ట్ అయిన పార్టిషన్‌కి మామూలుగా కొత్త యూయూఐడీ, అంటే పార్టిషన్‌ని గుర్తించే నంబరు, వస్తుంది. ఇల్లు అదే, సామానూ అదే, డోర్ నంబరు మాత్రం మారిపోతుంది. పాత నంబరు ఎవరెవరి దగ్గర రాసి ఉందో వెతికి మార్చుకోవాల్సింది మనమే. సీహెచ్‌రూట్‌తో లైవ్ యూఎస్‌బీ నుంచే డిస్క్‌లోని సిస్టమ్ లోపలికి వెళ్లి, ఏ పార్టిషన్ ఎక్కడ ఎక్కాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో యూయూఐడీ మార్చాను. ఈఎక్స్‌టీ4 ఉన్నచోట బటర్‌ఎఫ్‌ఎస్ అని రాసి, చివర ఉన్న 1ని 0 చేశాను. బటర్‌ఎఫ్‌ఎస్‌కి బూట్ సమయంలో ఎఫ్‌ఎస్‌సీకే అక్కర్లేదు, దాని పేరుతో ఉన్న కమాండ్ కూడా ఏ పనీ చేయదు. తర్వాత, సిస్టమ్‌ని బూట్ చేసే గ్రబ్ ప్రోగ్రామ్ మెనూని తిరగరాసే అప్‌డేట్-గ్రబ్ నడిపాను. అది కొత్త యూయూఐడీతో మెనూ రాసింది. ఫైల్ తెరిచి కళ్లారా చూశాను కూడా.

రీబూట్ చేస్తే మెనూ రాలేదు. నల్ల స్క్రీన్ మీద గ్రబ్ అన్న మాట, పక్కన బాణం గుర్తు, అంతే. బావ ముఖంలో టెన్షన్. "ఫైళ్లన్నీ ఉన్నాయి బావా, గ్రబ్‌కి అడ్రస్ దొరకట్లేదు" అన్నాను. ఆ మాట మీద నాకు నమ్మకం ఉంది. డిస్క్ మొత్తంగా పోయి ఉంటే గ్రబ్ ఇక్కడిదాకా వచ్చేదే కాదు.

అక్కడ ఎల్‌ఎస్ అని కొడితే గ్రబ్ తనకు కనిపించే పార్టిషన్లన్నీ చూపిస్తుంది. హెచ్‌డీ0 జీపీటీ1 అంటే బూట్ ఫైళ్లు ఉండే ఈఎఫ్‌ఐ పార్టిషన్, జీపీటీ2 అంటే మన రూట్. రెండోదాని పేరు చివర ఏటవాలు గీత (/) పెట్టి మళ్లీ ఎల్‌ఎస్ కొట్టాను. బూట్, ఎట్‌సీ, హోమ్, వార్... ఫోల్డర్లన్నీ వరసగా వచ్చాయి. బావకి చూపించాను. గ్రబ్ బటర్‌ఎఫ్‌ఎస్‌ని చదవగలుగుతోందని అక్కడే తేలిపోయింది. డెబియన్ ఇచ్చే సంతకం చేసిన ఈఎఫ్‌ఐ గ్రబ్‌లో దాన్ని చదివే మాడ్యూల్ ముందే ఉంటుంది. పాత బయోస్ పద్ధతిలో ఉన్న సిస్టమ్ అయితే కథ వేరు. అక్కడ గ్రబ్ తన కోర్ ఇమేజ్‌లో ఈఎక్స్‌టీ మాడ్యూల్ మాత్రమే పెట్టుకుని ఉంటుంది కాబట్టి గ్రబ్ రెస్క్యూ అని, అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్ అని వస్తుంది.

మరి మెనూ ఎందుకు రాలేదు? ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో డెబియన్ ఫోల్డర్ కింద ఇంకో చిన్న గ్రబ్ కాన్ఫిగ్ ఫైల్ ఉంటుంది. మూడు లైన్లు. ఫలానా యూయూఐడీ ఉన్న పార్టిషన్ వెతుకు, దాన్ని రూట్ అనుకో, అక్కడి అసలు మెనూ తెరువు అని చెబుతుంది. అందులో పాత నంబరే ఉంది. అప్‌డేట్-గ్రబ్ ఈ ఫైల్ జోలికి పోదు, దీన్ని తిరగరాసేది గ్రబ్-ఇన్‌స్టాల్ మాత్రమే. ఈ తేడా తెలియక డిస్క్ ఫార్మాట్ చేసేసినవాళ్లను నేను చూశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అప్పటికప్పుడు ముందుకు వెళ్లడానికి ప్రాంప్ట్ దగ్గరే రూట్‌ని జీపీటీ2కి, ప్రిఫిక్స్‌ని బూట్ కింది గ్రబ్ ఫోల్డర్‌కి సెట్ చేసి, కాన్ఫిగ్‌ఫైల్ కమాండ్‌తో మెనూ తెరిచాను. నీలం తెర వచ్చింది, కెర్నల్ లోడైంది. కాసేపటికి ఇంకోచోట ఆగింది. ఈసారి ప్రాంప్ట్ వేరు: బిజీబాక్స్ అని ఒక లైను, కింద బ్రాకెట్లలో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (అసలు రూట్ ఎక్కేదాకా కెర్నల్ వాడుకునే చిన్న తాత్కాలిక సిస్టమ్). దాని పైన నో సచ్ డివైస్ అన్న ఎర్రర్.

ఈ ఎర్రర్ చూడగానే చాలామంది డిస్క్ దొరకడం లేదనుకుంటారు. అక్కడే పార్టిషన్ల వివరాలు చూపే బీఎల్‌కేఐడీ కమాండ్ కొట్టి చూస్తే పార్టిషన్ దర్జాగా కనిపించింది, కొత్త యూయూఐడీతో, బటర్‌ఎఫ్‌ఎస్ రకంతో. తర్వాత ప్రాక్ కింద ఫైల్‌సిస్టమ్స్ అనే ఫైల్‌ని క్యాట్‌తో చదివాను. కెర్నల్‌కి ఆ క్షణంలో ఏయే ఫైల్‌సిస్టమ్‌లు తెలుసో అందులో ఉంటుంది. ఆ జాబితాలో బటర్‌ఎఫ్‌ఎస్ లేదు. మౌంట్ చేయమన్న ఫైల్‌సిస్టమ్ రకం కెర్నల్‌కి తెలియకపోయినా బయటికి వచ్చేది అదే నో సచ్ డివైస్.

డెబియన్‌లో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ మామూలుగా అవసరమైన డ్రైవర్లన్నీ వెంట తెచ్చుకుంటుంది. ఈ సిస్టమ్‌లో ఎందుకు లేదని లైవ్ యూఎస్‌బీతో వెళ్లి చూస్తే, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ ఫోల్డర్‌లో కాన్ఫ్-డీ కింద డ్రైవర్-పాలసీ అనే ఫైల్ ఉంది. అందులో మాడ్యూల్స్ విలువ డెప్. ఎక్స్‌పర్ట్ మోడ్‌లో ఇన్‌స్టాల్ చేసినప్పుడు డెబియన్ ఒక ప్రశ్న అడుగుతుంది: అన్ని డ్రైవర్లూ పెట్టాలా, ఈ మెషిన్‌కి కావలసినవే చాలా అని. రెండోది ఎంచుకుంటే ఈ ఫైల్ పుడుతుంది. అందువల్ల ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ తయారైన రోజున రూట్ ఏ ఫైల్‌సిస్టమ్‌లో ఉందో దాని మాడ్యూల్ మాత్రమే లోపల ఉంది. అసలు కాన్ఫిగ్ ఫైల్‌లో మోస్ట్ (దాదాపు అన్నీ) అని రాసి ఉన్నా కాన్ఫ్-డీలో ఉన్నదే చెల్లుతుంది. ఆ అసలు ఫైల్ ఒక్కటే చూసి అన్నీ సరిగ్గానే ఉన్నాయనుకుంటే దొరకదు.

డెప్‌ని మోస్ట్ చేశాను. లైవ్ యూఎస్‌బీ నుంచి రూట్‌ని మౌంట్ చేసి, దాని బూట్ కింద ఈఎఫ్‌ఐ పార్టిషన్‌నీ మౌంట్ చేసి, డెవ్, ప్రాక్, సిస్ మూడింటినీ రికర్సివ్‌గా (లోపలివాటితో సహా) బైండ్ చేసి సీహెచ్‌రూట్‌లోకి వెళ్లాను. సిస్‌ని ఉత్తినే బైండ్ చేస్తే లోపలి ఈఎఫ్‌ఐ వేరియబుల్స్ కనిపించవు, గ్రబ్-ఇన్‌స్టాల్ గొణుగుతుంది. గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్, తర్వాత అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్. చివరిదానికి అన్ని కెర్నళ్లకూ వర్తించే ఆప్షన్ ఇచ్చాను. అది ఇవ్వకపోతే కొత్త కెర్నల్ ఒక్కటే బాగుపడుతుంది. రేపు ఏదైనా అయి పాత కెర్నల్‌తో లేపాల్సి వస్తే అది మళ్లీ అదే ప్రాంప్ట్ దగ్గర ఆగుతుంది. ఎల్‌ఎస్‌ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ (lsinitramfs) కమాండ్‌తో ఒక్కో ఇమేజ్‌లో బటర్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ ఉందని చూసుకుని రీబూట్ చేశాను.

లాగిన్ స్క్రీన్ వచ్చింది. బావ కుర్చీ దగ్గరికి లాక్కుని ముందు ప్రింట్ ఇచ్చి చూశారు, ఆ తర్వాతే టీ తెప్పించారు.

మిగిలింది స్వాప్, అంటే ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే జాగా. బూట్ ఆగలేదు గానీ స్వాప్‌ఫైల్ ఎక్కలేదు. స్వాప్‌ఫైల్ కాపీ-ఆన్-రైట్‌లో (మార్పుని పాతదాని మీద కాకుండా కొత్తచోట రాసే పద్ధతి) ఉండకూడదని కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో స్పష్టంగా ఉంది. పాతది ఎట్లాగూ ఈఎక్స్‌టీ2_సేవ్డ్‌తో బ్లాకులు పంచుకుంటోంది, దాన్ని సరిచేసే ప్రయత్నం దండగ. డెబియన్ 12లోని బటర్‌ఎఫ్‌ఎస్ టూల్స్‌లో ఎంకేస్వాప్‌ఫైల్ (mkswapfile) అనే కమాండ్ ఉంది, కావలసినవన్నీ అదే చూసుకుంటుంది. కొత్త ఫైల్‌ని విడిగా ఒక సబ్‌వాల్యూమ్‌లో పెట్టాను, ఎందుకంటే వాడకంలో ఉన్న స్వాప్‌ఫైల్ ఏ సబ్‌వాల్యూమ్‌లో ఉంటే దానికి స్నాప్‌షాట్ తీయడం కుదరదు.

స్నాప్‌షాట్లు తీసే ప్రోగ్రామ్ టైమ్‌షిఫ్ట్ సంగతి వేరే రోజు చూసుకున్నాను. అది రూట్ ఎట్ గుర్తు (@) పేరున్న సబ్‌వాల్యూమ్‌లో ఉండాలంటుంది. కన్వర్ట్ చేసిన రూట్ ఉండేది అన్నిటికన్నా పై స్థాయిలో. దాని స్నాప్‌షాట్‌ని ఆ పేరుతో తీసి, ఎఫ్‌స్టాబ్‌లో సబ్‌వాల్యూమ్ పేరు చేర్చి, ఆ సబ్‌వాల్యూమ్‌ని మౌంట్ చేసి సీహెచ్‌రూట్‌లోంచి గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ మళ్లీ నడిపాను. మెనూ ఉన్న దారి మారుతుంది కాబట్టి ఈఎఫ్‌ఐలోని ఆ మూడు లైన్ల ఫైల్ ఇక్కడ కూడా మారాలి. ఈసారి నేరుగా బూట్ అయింది.

ఈఎక్స్‌టీ2_సేవ్డ్‌ని కొన్నాళ్లు అట్లాగే ఉంచాను. శుభలేఖల సీజన్ ఒకటి పూర్తిగా గడిచాక తీసేసి, డీఫ్రాగ్, బ్యాలెన్స్ నడిపాను. స్నాప్‌షాట్లు ఉండేది అదే ఎస్‌ఎస్‌డీలో, అది పోతే అవీ పోతాయి. కాబట్టి హార్డ్ డిస్క్‌లోకి కాపీ తీయడం మానొద్దని బావకి గట్టిగా చెప్పాను. సెంటర్ కట్టేసే ముందు ఆదివారం ఆదివారం ఆ పని ఆయనే చేసుకుంటున్నారు.