కనపడని వాళ్ళ కోసం వెళ్ళిన నాటకం

మా అక్క కూతురు వాళ్ళ కాలేజీలో వేస్తున్న మ్యూజికల్‌కి క్లారినెట్ వాయిస్తోంది, చివరి రోజు షోకి రమ్మని పిలిచింది. "పిన్నీ, నేను స్టేజ్ మీద ఉండను, కింద పిట్‌లో ఉంటా, తర్వాత నువ్వు ఎక్కడున్నావే కనపళ్ళేదు అనకు" అని ముందే చెప్పేసింది. అందుకని కావాలనే బాల్కనీలో ఒక పక్కకి ముందు వరస సీటు తీసుకున్నా, అక్కణ్ణించి ఆర్కెస్ట్రా కూర్చునే ఆ పిట్ మొత్తం కనిపిస్తుంది. స్టేజ్‌లో ఓ మూల కనపడదు అనుకోండి, పోతే పోయింది.

వేసింది ఇంటు ది వుడ్స్. 1987లో న్యూయార్క్ బ్రాడ్‌వే థియేటర్లకి వచ్చింది, కథ జేమ్స్ లాపైన్‌ది, పాటలూ సంగీతం స్టీఫెన్ సోండ్‌హైమ్‌వి. సిండరెల్లా, చిక్కుడు తీగ ఎక్కే జాక్, ఎర్ర కేప్ పిల్ల, రపుంజెల్ అందర్నీ ఒకే అడవిలోకి తోలేసి మధ్యలో పిల్లలు పుట్టని బేకర్ మొగుడూపెళ్ళాల్ని పెడతారు, వాళ్ళకున్న శాపం పోవాలంటే తెల్లావు, ఎర్ర కేప్, పసుపు జుట్టు, బంగారు చెప్పు తెచ్చి మంత్రగత్తెకి ఇవ్వాలి. ఫస్టాఫ్ అయ్యేసరికి అన్నీ దొరికేసి అందరూ హ్యాపీ. ఈ షో తెలియని వాళ్ళు అక్కడితో అయిపోయిందనుకుంటారు, మా వరసలో ఒకాయన బ్యాగు భుజానికి తగిలించుకుని లేచాడు కూడా, వాళ్ళావిడ ప్రోగ్రామ్ తిప్పి చూపించి కూర్చోబెట్టింది. అసలు కథంతా సెకండాఫ్‌లోనే ఉంది, జాక్ చేతిలో చచ్చిపోయిన రాక్షసుడి పెళ్ళాం పగ తీర్చుకోడానికి వస్తుంది, తప్పు నీదంటే నీదని అందరూ కొట్టుకుంటారు, ఆఖరికి మనకి కథ చెప్తున్నవాణ్ణే లాక్కెళ్ళి ఆవిడకి అప్పజెప్పేస్తారు. చిన్న పిల్లలు వేసుకోడానికి జూనియర్ వెర్షన్ ఒకటుంది, అందులో ఫస్టాఫ్ ఒక్కటే ఉంటుంది. నన్నడిగితే అది షో సగం కూడా కాదు.

ఇక పిట్ సంగతి. స్టేజ్ ముందు గోతిలాంటి చోట ఆర్కెస్ట్రా, నల్ల బట్టలు, స్టాండ్లకి చిన్న చిన్న లైట్లు. కండక్టర్ కూడా స్టూడెంటే. ఆ అబ్బాయి మీదకి ఒక కెమెరా పెట్టి ఉంది, ఆ బొమ్మ బాల్కనీ గోడకి బిగించిన టీవీల్లో వస్తుంది, అంటే మా కాళ్ళ కిందే అన్నమాట. స్టేజ్ మీద పాడేవాళ్ళు కిందికి వంగి చూడక్కర్లేకుండా ఆ టీవీల్లో తాళం చూసుకుంటారు. ఇది తెలిశాక ఇంక ఆగుతుందా, సిండరెల్లా కళ్ళనిండా ఏదో ఆశతో దూరంగా చూస్తూ పాడుతుంటే ఆహా అనుకునేదాన్ని కాస్తా, టీవీ చూస్తోంది టీవీ చూస్తోంది అని నాలో నేనే నవ్వుకోవడం మొదలైంది.

జాక్ ఆవుని తోలుకొచ్చే చోట ఒక గమ్మత్తు జరిగింది. ఆవుకి చక్రాలున్నాయి, ఒక చక్రం పోయి సెట్‌లోని చెట్టు వేరుకి ఇరుక్కుంది. జాక్ లాగుతున్నాడు రావట్లేదు, బేకర్ వెళ్ళి చెయ్యి వేశాడు, ఏదో అప్పటికప్పుడు పుట్టించిన మాట కూడా అన్నాడు, జనం అదీ నాటకంలోదే అనుకుని ఘొల్లున నవ్వారు. నేను కిందకి చూస్తున్నా కదా, కండక్టర్ మొహంలో ఏ కంగారూ లేదు, ఆర్కెస్ట్రా అవే రెండు మూడు బార్లు, అంటే చిన్న సంగీతం ముక్కలు, తిప్పి తిప్పి వాయిస్తోంది, ఆవు కదిలి డైలాగ్ అయ్యేదాకా అలా తిప్పి, అతను చెయ్యి చూపించగానే అందరూ ఒక్కసారి తర్వాతి ముక్కలోకి దూకారు. దాన్ని వ్యాంప్ అంటారట, మాటల కింద వచ్చే సంగీతంలో ఇలాంటి చోట్లు స్కోర్‌లోనే, అంటే సంగీతం రాసుకున్న కాగితాల్లోనే, రాసి ఉంటాయి, మనిషి రెడీ అయ్యేదాకా తిప్పుతూ ఉండమని. మన పద్య నాటకాల్లో హార్మోనియం ఆయన చేసే పని ఇదే కదా అనిపించింది, నటుడు రాగం ఎంతసేపు సాగదీస్తే అంతసేపు వెనకే పట్టుకుని ఉంటాడు, వన్స్ మోర్ అంటే మళ్ళీ మొదలెడతాడు. కాకపోతే ఇక్కడ అంత వెసులుబాటు లేదు, వ్యాంప్ దాటాక సోండ్‌హైమ్ ఎవరికోసమూ ఆగడు. సెకండాఫ్‌లో ఒకర్నొకరు తిట్టుకునే పాట ఉంది చూశారూ, ఐదుగురు ఒకరి నోట్లోంచి ఇంకొకరు మాట లాక్కుంటూ పాడాలి, ఒక్కళ్ళు అర క్షణం లేటైతే మొత్తం కుప్పకూలుతుంది. వీళ్ళు కూలకుండా లాక్కొచ్చారు, కానీ మైకులు ఆర్కెస్ట్రా కింద మునిగిపోయి సగం మాటలు వినపళ్ళేదు. సోండ్‌హైమ్ పాటలో మాట వినపడకపోతే ఇంక మిగిలేదేముంది? సౌండ్ బోర్డు దగ్గర ఎవరున్నారో గానీ ఆ ఒక్కటి గట్టిగానే చెప్పాలి.

యాక్టింగ్ గురించి పెద్దగా చెప్పను. మంత్రగత్తె వేసిన అమ్మాయి అందరికన్నా రెండు మెట్లు పైనుంది, తోడేలు వేసిన అబ్బాయి భయపెట్టాలో నవ్వించాలో తేల్చుకోలేదు. రాజకుమారులిద్దరూ నా బాధ గొప్పదంటే నా బాధ గొప్పదని పోటీపడి పాడే పాటని మాత్రం దంచేశారు, ఆ వయసు కుర్రాళ్ళకి ఆ ఓవర్ యాక్షన్ సహజంగానే వస్తుంది మరి.

రాక్షసి ఎక్కడా కనపడదు, తెర వెనకనుంచి గొంతు ఒక్కటే వస్తుంది. ప్రోగ్రామ్‌లో ఆ అమ్మాయి పేరు చూశాను, ఫస్టాఫ్ అంతా ఖాళీగా కూర్చుని సెకండాఫ్‌లో ఆ కొన్ని మాటలు అనడానికి ఇన్ని వారాలు రిహార్సల్స్‌కి వచ్చిందన్నమాట. స్టేజ్ మేనేజర్ అయితే షో అంతా హెడ్‌సెట్ పెట్టుకుని ప్రతి లైటుకీ, ప్రతి సెట్ మార్పుకీ "గో" అంటూనే ఉండాలి, ఆ గొంతు కూడా మనకి వినపడదు. ఇంత చదువుల మధ్యలో, మార్కులు కూడా రాని పనికి ఇలా కూర్చోగలిగిన పిల్లలంటే నాకు హీరోయిన్ వేసిన అమ్మాయి కన్నా ఎక్కువ ముచ్చటేసింది. చివర్లో నమస్కారాలప్పుడు స్టేజ్ మీద వాళ్ళంతా చేతులు పిట్ వైపు చూపించారు, నేను ఈల వేద్దామనుకుని పక్కావిడని చూసి ఆగిపోయా.

జనం లేచి వెళ్ళిపోతుంటే ఆర్కెస్ట్రా ఇంకా వాయిస్తూనే ఉంది, ఎవరూ వినట్లేదు. దయచేసి కూర్చోండి, చాలా బాగుంటుంది ఆ ముక్క.

తర్వాత మా పిల్లని డిన్నర్‌కి తీసుకెళ్దామంటే కుదర్లేదు. చివరి షో అయిన రాత్రే సెట్ అంతా విప్పేయాలట, స్ట్రైక్ అంటారు, వాయించేవాళ్ళకీ మినహాయింపు లేదు. నేను వెళ్ళేసరికి పెద్ద రాజకుమారుడు మేకప్ తుడుచుకోకుండానే డ్రిల్లు పట్టుకుని మెట్లు ఊడదీస్తున్నాడు, మా పిల్ల కుర్చీలు మడతపెడుతోంది, ఆ ఆవుని స్టోర్ రూమ్‌లో పెట్టాలా పారేయాలా అని ఓ నలుగురు గొడవ పడుతున్నారు, నేను బయల్దేరే టైంకి కూడా తేలలేదు.