కోడ్ చెరిపే ముందు

రేణిగుంట రోడ్డులోని మా షెడ్డుకు పోయిన నెలలో ఒక ట్యాక్సీ వచ్చింది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతున్నదని మరొక చోట చూపించగా, వారు స్కానర్ పెట్టి, పీ0171 అనే లోపం కోడ్ చూసి, పొగలోని ఆక్సిజన్‌ను బట్టి మిశ్రమం ఎలా ఉన్నదో చెప్పే ఆక్సిజన్ సెన్సర్ మార్చి, కోడ్ చెరిపి పంపించారు. వారం తిరగకముందే లైటు మళ్లీ వెలిగింది. "కొండెక్కేటప్పుడే పడిందన్నా" అని డ్రైవరు గట్టిగా చెప్పాడు.

పీ0171 అంటే ఇంజిన్ మొదటి బ్యాంకులో, అంటే సిలిండర్ల మొదటి వరుసలో, పెట్రోలు, గాలి మిశ్రమం పలచబడిందని, గాలికి తగినంత పెట్రోలు లేదని మాత్రమే అర్థం. ఫలానా భాగం పాడైందని అది చెప్పదు. జ్వరం చూపించిందని థర్మామీటరును మారిస్తే జ్వరం తగ్గదు కదా!

నేను ముందుగా చూసేది ఫ్రీజ్ ఫ్రేమ్, అంటే కోడ్ నమోదైన క్షణంలో ఇంజిన్ ఏ స్థితిలో ఉన్నదో కంప్యూటరు దాచుకున్న వివరం. అందులో వేగం 0, ఆర్‌పీఎం 760, కూలెంట్ వేడి 93 డిగ్రీలు అని ఉన్నది. ఇంజిన్ బాగా వేడెక్కి, బండి నిలబడి ఉన్నప్పుడు నమోదైన లోపమిది. ఆ మాట చెప్పగానే డ్రైవరు కాసేపు ఆలోచించి, అలిపిరి దగ్గర తనిఖీ వరుసలో చాలాసేపు ఆగానని, లైటును గమనించింది మాత్రం ఘాట్ మొదలయ్యాకేనని గుర్తు చేసుకున్నాడు.

తరువాత ఇంజిన్ నడుస్తుండగా అంకెలు చూపే లైవ్ డేటా తెరిచాను. మిశ్రమం సరిచేయడానికి కంప్యూటరు పెట్రోలును ఎంత పెంచిందో, తగ్గించిందో చెప్పేది ఫ్యూయల్ ట్రిమ్. స్లోలో, అంటే యాక్సిలరేటరు తొక్కనప్పుడు, తాత్కాలిక, దీర్ఘకాలిక ట్రిమ్‌లు రెండూ కలిపి +21 శాతం ఉండగా, 2500 ఆర్‌పీఎం దగ్గర +4కు దిగింది. పెట్రోలు పంపు గాని ఫిల్టరు గాని బలహీనపడి ఉంటే లోడు పెరిగేకొద్దీ ఈ అంకె పెరగాలి. ఇక్కడ తగ్గుతున్నది కాబట్టి, గాలిని అదుపు చేసే త్రాటిల్ మూసి ఉన్నప్పుడు దాని వెనుక మ్యానిఫోల్డ్ (సిలిండర్లకు గాలిని పంచే గొట్టం) పీల్పు బలంగా ఉండి, కొలతకు అందని గాలి ఏదో సందులోంచి లోపలికి వస్తున్నదని తేలింది. (ఇది లోపలికి వచ్చే గాలిని మాఫ్ సెన్సర్‌తో నేరుగా కొలిచే బండి, మ్యానిఫోల్డ్ పీడనాన్ని చూసే మ్యాప్ సెన్సర్ మీద నడిచే ఇంజిన్లలో ఇదే లెక్కను గుడ్డిగా వాడకూడదు.) ఇంజిన్ లోపలి ఆవిరులను తిరిగి మ్యానిఫోల్డ్‌లోకి పంపే పీసీవీ పైపు మోచేతి వంపును వేళ్లతో నొక్కి పట్టగానే స్లో శబ్దం మారింది. పైపు విప్పి తిప్పి చూస్తే, అడుగు భాగంలో పైకి కనిపించని సన్నని చీలిక ఉన్నది. పైపు మార్చాక స్లోలో ట్రిమ్ క్రమంగా +3కు వచ్చింది.

అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, మన దేశంలో కార్లకు 2013 ఏప్రిల్ నుంచి, బండి తన లోపాలను తానే కనిపెట్టి నమోదు చేసే ఓబీడీ-2 పద్ధతి తప్పనిసరి అయింది. స్కానర్ తగిలించే దాని 16 పిన్నుల సాకెట్ ద్వారా ఇంత సమాచారం దొరుకుతుంటే, కోడ్ నంబరు చూసి వెంటనే చెరిపివేయడం నాకు బాధ కలిగిస్తుంది. చెరిపితే కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది, బండి తనను తాను పరీక్షించుకున్న మానిటర్ల ఫలితాలూ మొదటికి వస్తాయి. కొన్ని ఖరీదైన స్కానర్లలో వైరింగ్ పటాలు, ఆ కోడ్‌కు తరచుగా కారణమయ్యే భాగాల జాబితా కూడా ఉంటాయి. ఆ జాబితాను నేను పరీక్షించవలసిన వరుసగా చూస్తాను గాని, కొనవలసిన సామాను చీటీగా చూడను.

ఇప్పుడు మా షెడ్డులో కుర్రవాళ్లు ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలన్నీ బండి నంబరు పక్కన నోటు పుస్తకంలో రాసిన తరువాతే చెరిపే మీట నొక్కుతున్నారు.